‘నాచు’ – ఒక పద పరిశీలన

పేరు తెలిసినంత మాత్రమున వస్తువు తెలిసినట్లు కాదు. ‘నాచు’ అను పదమే ఇందుకు తార్కాణము. ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణ ఒడ్డున తడి మెట్లపై కాలు జార్చు పచ్చని జిగురును మనము నాచు, పాచి అందుము. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు ‘కాయీ’ అందురు. వానకాలమున పాత గోడపై పుట్టు మెత్తని పచ్చదనమునకును ఇవే పేర్లు. వాడుకలో ఇది దోషము కాదు. కాని వృక్షశాస్త్రమున మెట్లపై జిగురు సాధారణముగా శైవలము. చిన్న కాడయు ఆకులును గల గోడమీది మొక్క మాస్, అనగా బ్రయోఫైటా తెగకు చెందినది.

ఆంగ్లమున ‘పీట్ మాస్’ అనబడునది ఈ రెండవ తెగలోనిదే. దాని శాస్త్రీయ నామము స్ఫాగ్నమ్; ఇది గ్రీకు పదము నుండి వచ్చినది. ‘స్ఫాగ్నస్’ అను విశేషణమునకు స్ఫాగ్నమ్‌తో నిండినదని అర్థము. ఇది ముఖ్యముగా చలిదేశముల చిత్తడి నేలలలో పెరుగును. దీని ఆకులలోని మృతకణములు చిల్లులున్న చిన్న కుండల వంటివి. మొక్క తన పొడి బరువునకు సుమారు 20 రెట్ల నీటిని పట్టగలదు. కనుకనే మొదటి ప్రపంచ యుద్ధమున (1914–18) దూదికి బదులుగా దీనిని గాయములకు కట్టిరి.

ఈ మొక్క పైన పెరుగుచు, క్రింద చచ్చుచుండును. ఆమ్లజలమున, గాలి సోకక, పూర్తిగా కుళ్ళక పేరుకొన్న పొరయే పీట్. కావున స్ఫాగ్నమ్ మొక్క, పీట్ నిక్షేపము. ఇతర మొక్కల నుండియు పీట్ ఏర్పడును. మన ఊరి థర్మల్ కేంద్రము 1979 నుండి బొగ్గుతో విద్యుత్తు నిచ్చుచున్నది గదా! గోదావరి లోయ బొగ్గు కూడ 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు పీటే. కాని అది గ్లోసాప్టెరిస్ వంటి వృక్షముల పీట్, నాచుది కాదు. ఇక నర్సరీలలో ‘కోకోపీట్’ అని అమ్మునది కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. అందు నాచు లేదు, పీటును లేదు.

ఇంత సూక్ష్మ భేదమేల యని విద్యార్థులు అడుగవచ్చును. పీటును మొక్క యనుకొన్నవాడు, త్రవ్వినను మరుసటి ఏడు మరల మొలచు ననుకొనును. అది ఏటికి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగును. మీటరు మందమునకు వేయి సంవత్సరములు పట్టును. పీట్ భూములు నేలలో 3 శాతమే యైనను, ప్రపంచపు అడవు లన్నిటికంటె హెచ్చు కార్బనును దాచియున్నవి. త్రవ్వి ఎండబెట్టినచో అది గాలిలో కలియును.

కనుక ఇంటివద్ద నాచు అన్నను, కాయీ అన్నను మనకు సమ్మతమే. జవాబు పత్రమున మాత్రము శైవలమును శైవలమనియు, మొక్కను స్ఫాగ్నమ్ అనియు, నిక్షేపమును పీట్ అనియు వేర్వేరుగా వ్రాయుదము.