లీటరు నూనె కిలో తూగదు

వేరుశనగకు పేరుపడ్డ అనంతపురం జిల్లాలో శనగనూనెను ఉదాహరణగా తీసుకోవడమే సబబు. లీటరు ఘనపరిమాణం, కిలో ద్రవ్యరాశి. రెండింటినీ కలిపేది సాంద్రత, అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే విలువ. నీటికి 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది గరిష్ఠం, మిల్లీలీటరుకు సుమారు 1 గ్రాము. శనగనూనెకు దాదాపు 0.91. అందుకే లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది, నూనె నీటిపై తేలుతుంది.

వేడికి నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయానూనె 21 డిగ్రీల వద్ద 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములకు కాస్త తక్కువే. కొన్ని కంపెనీలు లేబుల్‌పై 60 డిగ్రీలని వేసి ఈ తేడాను వాడుకున్నాయి (తెలివైన పనే, న్యాయమైనది కాదు). లేబుల్‌పై ఉష్ణోగ్రత రాయొద్దని, పరిమాణంతోపాటు బరువూ ముద్రించాలని కేంద్రం 2022లో ఆదేశించింది.

పాల సాంద్రతకు లాక్టోమీటరు. నీళ్లు కలిపితే సాంద్రత తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. పరీక్షలో తికమకపెట్టేది ఈ రెండోదే. రెండూ చేసిన పాలను లాక్టోమీటరు ఒక్కటే పట్టలేదు.

పాత కొలతల్లో 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. ఇవన్నీ ఘనపరిమాణాలే. టీస్పూను 5, టేబుల్‌స్పూను 15 మిల్లీలీటర్లు.