గేటు పడకముందే జరిగే పని

స్పోర్ట్ క్వాడ్ రేసులో బయలుదేరే గేటు నుంచి మొదటి మలుపు దాకా ఉన్న దూరాన్ని బండ్లు కొద్ది సెకండ్లలో దాటేస్తాయి. రేసు మొత్తంలో రైడర్ స్వభావం ఇంత స్పష్టంగా బయటపడే చోటు మరొకటి లేదు. రిసార్టుల్లో, సముద్రతీరాల్లో సరదాగా అద్దెకు తిప్పే నాలుగు చక్రాల బండికీ ఈ క్వాడ్‌కూ పోలిక తక్కువ. యమహా వైఎఫ్‌జెడ్ 450ఆర్ లాంటి స్పోర్ట్ క్వాడ్ ఒక్కరి కోసమే తయారైన, 450 సీసీ తరగతి పోటీ యంత్రం. మోటోక్రాస్‌కు సిద్ధం చేసిన క్వాడ్ వెడల్పు దాదాపు 50 అంగుళాలు. అంత వెడల్పు బండిని దాటిపోవడానికి ట్రాక్ మీద చోటు అంత సులువుగా దొరకదు. పైగా ముందు వెళ్లే బండి వెనక చక్రాలు చిమ్మే మట్టంతా వెనకవాళ్ల కళ్లద్దాల మీదే పడుతుంది. అందుకే మొదటి మలుపులోకి అందరికన్నా ముందు చేరడానికి, అంటే హోల్‌షాట్‌కు, రైడర్లు అంత విలువ ఇస్తారు.

చూసేవారు దీన్ని తెగువ అనుకుంటారు. తెగువ కావలసిందే, కానీ దాని వంతు రెండోది. వేగంగా బయలుదేరే రైడర్ ఆలోచించవలసినదంతా ముందే ముగించుకుని గేటు దగ్గరికి వస్తాడు. అక్కడ అతనికి మిగిలేది ఒకే ఒక్క పని. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అందిన క్షణంలోనైనా, కొత్త ఉద్యోగం మొదటి వారంలోనైనా తడబడేవారికీ తడబడనివారికీ మధ్య తేడా చాలావరకు ఇదే.

ముందు చేతుల పని చూడాలి. క్వాడ్‌లో ఎడమచేతి కింద క్లచ్ ఉంటుంది. థ్రాటిల్‌ను మోటార్‌సైకిల్ మీదలా మెలితిప్పడం ఉండదు, ఓ చిన్న లివర్‌ను కుడిచేతి బొటనవేలితో నొక్కాలి. ఇంజిన్ రేజ్‌ను ఒకే స్థాయిలో నిలిపి, క్లచ్ పట్టుకోబోయే అంచు దాకా దాని లివర్‌ను ముందే వదిలి ఉంచుకోవడం మొదటి మెట్టు. గేటు పడగానే దాన్ని ఒక్కసారిగా వదిలేస్తే రెండింటిలో ఒకటి తప్పదు. నేల గట్టిగా పట్టు ఇచ్చేదైతే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. పొడి మట్టయితే వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి గొయ్యి తవ్వుతాయి. ఎలా చూసినా మోత ఎక్కువ, కదలిక తక్కువ. క్లచ్‌ను త్వరగానే, కానీ జారనిస్తూ వదలాలి. ఆ జారుడు ఎంతసేపు ఉండాలన్నది నేలను బట్టి మారుతుంది. మొదటి గేరు చప్పున అయిపోతుంది కనుక 450 తరగతి బండ్ల మీద చాలామంది రెండో గేరులో బయలుదేరతారు. నేల మరీ మెత్తగా, లోతుగా ఉంటే మొదటి గేరే నయం.

శరీరం బరువు ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. సీటు మీద ముందుకు జరిగి, మోచేతులు ఎత్తి, ఛాతీని హ్యాండిల్ మీదికి వంచితే ముందు చక్రాలు నేలను అంటిపెట్టుకుంటాయి. మరీ వంగితే వెనక టైర్ల మీద బరువు చాలక పట్టు పోతుంది. బండి కదిలిన తొలి గజాల్లోనే ఈ తూకాన్ని నడుముతో సరిచూసుకుంటూ ఉండాలి. స్పోర్ట్ క్వాడ్‌లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి ఒకే వేగంతో తిరుగుతాయి. ఒక చక్రం కింద గట్టి నేల, రెండో దాని కింద వదులు మట్టి ఉంటే బండి పక్కకు లాగేస్తుంది. పక్కనే మరో క్వాడ్ పరుగెడుతున్నప్పుడు ఆ కాస్త లాగుడు కూడా ప్రమాదమే. రెండు బండ్ల చక్రాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటే బండి ఎగిరిపడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు నిబంధనలు ఒప్పుకున్నంత మేర తమ చక్రాల కింది మట్టిని కాలితో సమంగా తొక్కి గట్టిపరచుకుంటారు. అది చూసి నవ్వుకునే కొత్తవాళ్లు ఉంటారు గానీ, ఆ రెండు నిమిషాల ఓపిక సామాన్యమైనది కాదు.

ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ స్పందించడానికి పట్టే సమయమూ పెరుగుతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఎడ్మండ్ హిక్ 1952లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. ఏ గేరులో బయలుదేరాలి, మలుపు లోపలి అంచు పట్టాలా బయటి అంచు పట్టాలా, పక్కవాడు ముందుకొస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలు గేటు దగ్గర ఇంకా మనసులో మిగిలి ఉంటే ప్రతి ప్రశ్నా కొంత కాలాన్ని తినేస్తుంది. ట్రాక్ మీద ముందుగా నడిచి చూడటం, ముందు రేసుల్లో ఏ గేటు నుంచి బండ్లు బాగా కదిలాయో గమనించడం, అన్నిటికీ జవాబులు ముందే నిర్ణయించుకోవడం ఇందుకే. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసం ఈ పద్ధతికి మంచి రూపమిచ్చింది. ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకున్నవారు, ఉత్త సంకల్పంతో ఉన్నవారికన్నా ఎక్కువగా అనుకున్నది చేస్తారని అందులో వివరించాడు. రైడర్ విషయంలో అది ఇలా ఉంటుంది: ఎడమ పక్క బండి సగం పొడవు ముందుకొస్తే లోపలి అంచు వదిలేసి బయటి నుంచి తిరగాలి. చదువుకునే పిల్లవాడి విషయంలో, ‘రేపట్నుంచి బాగా చదవాలి’ అన్నదాని స్థానంలో ‘రాత్రి భోజనం చేసి చేయి కడుక్కోగానే లెక్కల పుస్తకంలో నిన్న ఆపిన చోటు తెరవాలి’ అన్నది వస్తుంది. రెండో వాక్యం ఉన్నవాడికి మొదలుపెట్టడం గురించి బతిమాలించుకునే అవసరం రాదు.

ఇక ఉద్రేకం సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ యెర్కిస్, జాన్ డాడ్సన్ 1908లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పని తేలికైనప్పుడు గట్టి ప్రేరణ ఉపకరించింది. పని క్లిష్టమైనప్పుడు మాత్రం ఒక మోస్తరు ప్రేరణతోనే అవి బాగా నేర్చుకున్నాయి. మనుషుల ఆటల్లోనూ శిక్షకులు ఇదే తేడాను గమనిస్తుంటారు. క్లచ్ వదలడం సున్నితమైన పని. రక్తం పొంగిన వేళ్లు దాన్ని పాడుచేస్తాయి. రెచ్చగొట్టే కేకలే ఉత్సాహమని నమ్మే వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు ఈ తేడాను వదిలేయడం విచారకరం. గేటు దగ్గర కావలసింది పిడికిలి సడలించడం, ఊపిరిని నెమ్మదిగా బయటికి వదలడం, ప్రతిసారీ ఒకే వరసలో అవే చిన్న పనులు చేయడం: కళ్లద్దాలు సరిచూసుకోవడం, వేళ్లు క్లచ్ లివర్ మీదికి తేవడం, గేరు వేయడం.

అంతర్జాతీయ మోటోక్రాస్ నియమాల ప్రకారం 5 సెకండ్ల బోర్డు చూపాక, ఆపై 5 నుంచి 10 సెకండ్ల మధ్య ఎప్పుడైనా గేటు పడవచ్చు. ఆ నిరీక్షణే అసలు పరీక్ష. చూసిన దానికి మనిషి స్పందించడానికి సుమారు 0.2 సెకండ్లు పడుతుంది. సాధనతో దాన్ని పెద్దగా తగ్గించలేరు. ఊహించి ముందే దూకితే ఇంకా నష్టం, ఎందుకంటే మోటోక్రాస్ గేటు రైడర్ వైపుకే పడేలా అమర్చి ఉంటుంది. చక్రం ఆనితే అది కిందికి దిగదు, బండి అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి చూపును ప్రత్యర్థుల మీద, జనం మీద తిప్పకుండా తన ముందున్న గేటు కడ్డీ మీదే నిలిపి, కదలికను చూశాకే క్లచ్ వదలాలి. ఊహతో గెలుచుకున్న ఆరంభం అదృష్టం, దాని మీద అలవాటును కట్టలేరు.

సాధనను ముక్కలుగా విడగొట్టాలి. మొదట క్లచ్ ఒక్కటే, కొద్ది గజాలు. తరవాత బరువు మార్చడం. ఆపై థ్రాటిల్ తగ్గించకుండా తరవాతి గేర్లు వేయడం, దానికోసం బొటనవేలి నొక్కుడు అలాగే ఉంచి పాదాన్ని గేర్ లివర్ కింద ముందే సిద్ధంగా పెట్టుకోవడం. చివరగా పక్కన మరో బండి పెట్టుకుని పరుగెత్తడం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం 1993లో వర్ణించిన ఉద్దేశపూర్వక సాధన ఇలాంటిదే: బలహీనమైన ముక్కను ఏరుకుని, ఫలితం చూసుకుంటూ, అలసట రాకముందే ఆపడం. వరసగా చేస్తే క్లచ్ పలకలు వేడెక్కి జారతాయి, అప్పుడు నేర్చుకున్నదీ తప్పే అవుతుంది. మూసిన ట్రాక్ మీద, హెల్మెట్ పెట్టుకుని, పడితే ఇంజిన్ ఆగిపోయే తాడు చేతికి కట్టుకునే ఇదంతా చేయాలి.

ఆరంభమే సర్వస్వమనే భ్రమ కూడా పనికిరాదు. అమెరికాలోని జీఎన్‌సీసీ క్రాస్ కంట్రీ పోటీల్లో ఇంజిన్ ఆపి ఉన్న స్థితి నుంచి బయలుదేరతారు, ప్రధాన రేసు దాదాపు రెండు గంటలు సాగుతుంది. 2000 నుంచి 2008 దాకా వరసగా 9 సార్లు అక్కడ ఛాంపియన్ అయిన బిల్ బాలన్స్ లాంటివారికి అంత సుదీర్ఘ పోటీలో మొదటి మలుపు ఒక అవకాశం మాత్రమే. పొట్టి మోటోక్రాస్ రేసులో కూడా ఆరంభం చెడితే చేయవలసింది ముందే నిర్ణయించి ఉండాలి: మొదటి మలుపు గుంపులో జొరబడకుండా, మట్టి తక్కువ పడే వైపు నుంచి తిరిగి, తొలి ల్యాప్‌లోనే ఒక్కొక్క బండినీ దాటుకుంటూ రావాలి. రేసు ముగిశాక నేల ఎలా ఉంది, ఏ గేరు వేశారు, చక్రం తిరిగిందా లేచిందా అన్న మూడు విషయాలు నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే తరవాతి గేటు దగ్గర నిర్ణయించవలసినవి అంతమేర తగ్గుతాయి.