నీటిలో పుట్టిన మట్టి

సంక్రాంతి పండుగ దాటి, కందులు కళ్ళం నుండి ఇంటికి చేరిన తరువాత తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల పల్లెలలో అవ్వలకు ఒక పెద్ద పని ఉండేది. ఎర్రమట్టిని మెత్తగా జల్లించి, నీళ్ళలో చిక్కగా కలిపి కందులకు పట్టించేవారు. ఒక రాత్రంతా కుప్పగా ఉంచి, మరునాటి నుండి ఎండలో బాగా ఆరబెట్టేవారు. అట్లా మట్టి పట్టించిన కందులను కొన్నింటిని తిరగలిలో విసిరి పప్పు చేసుకొనేవారు. కొన్నింటిని విత్తనాలకని కుండలలో దాచేవారు. పెసలు, అలసందలు దాచే కుండలలో జల్లించిన పొయ్యి బూడిద కలిపి, పైన వేపాకు పరచి మూత పెట్టేవారు. ఇట్లా చేస్తే పురుగు పట్టదని వారి నమ్మకం. ఎందుకు పట్టదని అడిగితే, "మా అత్త చేసింది, నేనూ చేస్తున్నాను" అనేవారు. ఆ సమాధానంలో తప్పేమీ లేదు. పని జరిగినది, పప్పు నిలిచినది.

అయినా ఆ "ఎందుకు" అన్న ప్రశ్న మిగిలే ఉంది. బూడిదలో విషం లేదు, మట్టిలో విషం లేదు. విషం లేని పొడి పురుగును ఎట్లా ఆపుతుంది? దీనికి స్పష్టమైన సమాధానం మరొక మట్టిలో దొరికినది. అది తెల్లగా, సుద్దవలె కనిపిస్తుంది. ముద్దను చేతిలోకి తీసుకుంటే బరువు లేనట్లు ఉంటుంది. దాని పేరు డయాటమ్ మట్టి.

ఈ మట్టి పుట్టుక విచిత్రమైనది. పూండి జలాశయం ఒడ్డున నీటిలో మునిగి ఉన్న రాళ్ళను తడిమి చూస్తే గోధుమరంగు జిగురు వేలికి అంటుతుంది. అడుగు పెడితే కాలు జారేది ఆ జిగురు వల్లనే. దానిని సూక్ష్మదర్శినిలో చూస్తే పడవల వంటివి, పళ్ళేల వంటివి, సూదుల వంటివి ఎన్నో ఆకారాలు కనిపిస్తాయి. అవే డయాటమ్‌లు. ఒక్కొక్కటి ఒకే కణం గల నాచు మొక్క. వీటిలో చాలా వాటి పొడవు మిల్లీమీటరులో నూరవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కుశస్థలి నదికి అడ్డంగా 1944లో కట్టిన ఈ పూండి జలాశయానికి 1996 నుండి కృష్ణా నది నీరు కూడా కాలువ ద్వారా వస్తున్నది. ఆ నీటిలోనూ డయాటమ్‌లు ఉంటాయి. పులికాట్ సరస్సు ఉప్పునీటిలోనూ ఉంటాయి. అక్కడి రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు అవి ఆహారం. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదవ వంతు ఈ కంటికి కనబడని మొక్కలే చేస్తాయని శాస్త్రజ్ఞుల అంచనా.

డయాటమ్ తన చుట్టూ ఒక పెంకును కట్టుకుంటుంది. ఆ పెంకు సిలికాతో తయారవుతుంది. ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థం ఇదే. అంటే ఈ చిన్న మొక్క గాజుపెట్టెలో కాపురం చేస్తుందన్న మాట! పెట్టె గోడల నిండా వరుసలు తీర్చిన సన్నటి రంధ్రాలు ఉంటాయి. మొక్క చనిపోతే లోపలి మెత్తటి భాగం కుళ్ళిపోతుంది, పెంకు మాత్రం నీటి అడుగుకు చేరుతుంది. లక్షల సంవత్సరాలు ఇట్లా పెంకులు పేరుకొని పొరలు ఏర్పడ్డాయి. తరువాత ఆ సరస్సులు ఎండిపోయి, సముద్రపు అడుగు పైకి లేచి, ఆ పొరలు నేల మీదికి వచ్చాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ, డెన్మార్క్ దేశంలోనూ పెద్ద గనులు ఉన్నాయి; జర్మనీలోనూ ఒకప్పుడు ఉండేవి. మెరుగు పెట్టడానికి వాడే ఇటువంటి రాతిపొడి నిజానికి సూక్ష్మజీవుల పెంకులేనని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బెర్గ్ 1836లో సూక్ష్మదర్శిని సహాయంతో చూపించాడు. అంతవరకు అది వట్టి రాయి అనే అనుకున్నారు.

ఈ మట్టికి మూడు గుణాలు ఉన్నాయి. గట్టిదనం, బోలుతనం, పీల్చే శక్తి. దీని ఉపయోగాలన్నీ ఈ మూడింటి నుండి వచ్చినవే.

పీల్చే శక్తితో పేరు పొందినవాడు స్వీడన్ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ నోబెల్. నైట్రోగ్లిజరిన్ అనే ద్రవం చిన్న కుదుపుకే పేలిపోయేది. 1864లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అటువంటి పేలుడులో నోబెల్ తమ్ముడు ఎమిల్, మరికొందరు మరణించారు. మూడు వంతుల ద్రవాన్ని ఒక వంతు డయాటమ్ మట్టిలో ఇంకిస్తే అది ముద్దగా మారి, మోయడానికి అపాయం తగ్గుతుందని నోబెల్ కనుగొన్నాడు. 1867లో హక్కు పత్రం పొందిన ఆ ముద్దయే డైనమైట్. అదే గుణం నేటి వర్క్‌షాపులో శాంతంగా పనిచేస్తుంది. నేల మీద ఒలికిన ఇంజను ఆయిల్ మీద ఈ మట్టిని చల్లి, కొంతసేపు ఆగి ఊడిస్తే నూనె పొడితో పాటు వచ్చేస్తుంది. రంపపు పొట్టు కూడా నూనెను పీలుస్తుంది గాని దానికి నిప్పు అంటుకుంటుంది. డయాటమ్ మట్టి మండదు. అయితే అది పీల్చుకున్న నూనె మండవచ్చు. కనుక ఊడ్చిన పొడిని పొయ్యి దగ్గర పారవేయకూడదు.

బోలుతనం వడపోతకు పనికి వచ్చినది. జర్మనీలో ఇటువంటి గని నడిపిన బెర్కెఫెల్డ్ ఈ మట్టిని గొట్టంలాగా మలచి కాల్చి, 1891లో నీటి వడపోతకు అమ్మాడు. మరుసటి సంవత్సరం హాంబర్గ్ నగరంలో కలరా వ్యాపించినప్పుడు ఆ గొట్టాలు ఎంతో అక్కరకు వచ్చాయి. కుళాయి నీళ్ళను వడపోయడానికి ఇళ్ళలో రెండు అరల స్టీలు ఫిల్టరు పెట్టుకొనేవారు. దాని పై అరలో నిలబడి ఉండే తెల్లటి క్యాండిల్ ఆ గొట్టానికి వారసుడే. చాలా క్యాండిళ్ళలో డయాటమ్ మట్టి కలుస్తుంది. అది మురికిని, చాలా రకాల క్రిములను ఆపుతుంది. ఉప్పును మాత్రం ఆపలేదు; బోరు నీరు ఉప్పగా ఉంటే వడపోసిన తరువాత కూడా ఉప్పగానే ఉంటుంది. క్యాండిల్ మీద జిడ్డు పేరుకొని నీరు దిగడం తగ్గితే మెత్తటి బ్రష్షుతో రుద్ది కడగాలి, సబ్బు పెట్టకూడదు. చక్కెర పాకాన్ని, వంటనూనెలను తేటపరచడానికి కూడా కర్మాగారాలలో ఈ మట్టినే వాడతారు.

గట్టిదనం మెరుగు పెట్టడానికి పనికి వస్తుంది. వెండి కుందులు, ఇత్తడి చెంబులు తోమే పాలిష్ పొడులలో ఈ మట్టి ఉండవచ్చు. గీత పడకుండా మసిని మాత్రం తీస్తుంది. కొలిమి గోడలకు వేడి బయటికి పోకుండా ఆపే తేలిక ఇటుకలు కూడా దీనితో చేస్తారు. పెంకుల లోపల చిక్కుకున్న గాలి వేడిని పోనివ్వదు.

ఇప్పుడు పురుగుల మాట. పురుగులకు ఎముకలు లేవు, పై పెంకే వాటికి ఆధారం. ఆ పెంకు మీద మైనం వంటి పలుచటి పూత ఉంటుంది. శరీరంలోని నీరు ఆవిరై పోకుండా కాపాడేది ఆ పూతయే. పొడి డయాటమ్ మట్టిలో నడిచిన పురుగుకు ఆ రేణువులు అంటుకుంటాయి. అవి మైనాన్ని పీల్చుకుంటాయి, పూతను గీరుతాయి కూడా. అంతే, పురుగు శరీరంలోని తేమ బయటికి పోతుంది. చిన్న శరీరంలో ఉండే నీరే కొంచెం కనుక కొన్ని రోజులలో అది ఎండి చనిపోతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే ఇది దాహంతో చావడం. బొద్దింకలు తిరిగే అలమర వెనుక, చీమలు వచ్చే గోడ పగుళ్ళలో పలుచగా చల్లడానికి, ధాన్యంలో కలపడానికి ఈ గుణమే కారణం. ధాన్యానికైతే టన్నుకు సుమారు ఒక కిలో, అంటే కిలో గింజలకు ఒక గ్రాము చొప్పున కలుపుతారు. రకాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది.

అయితే దీనికి పెద్ద శత్రువు ఒకటి ఉంది, తేమ. తడిసిన పొడి పురుగు మైనాన్ని పీల్చలేదు. గింజలో తేమ 14 శాతం దాటితే దీని పనితనం బాగా తగ్గిపోతుంది. తిరువళ్ళూరు జిల్లాలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు పడతాయి. ఆ నెలలలో గాలే చెమ్మగా ఉంటుంది. అందుచేత ముందుగా ఎండ, తరువాతనే పొడి. ఎండబెట్టకుండా పొడి కలిపి నమ్మి కూర్చుంటే గింజలు పోతాయి. బియ్యంలోని ముక్కుపురుగు గింజను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరుగుతుంది. లోపల ఉన్నదానిని ఈ పొడి తాకలేదు. పెద్దదై బయటికి వచ్చిన తరువాతనే దానికి చావు. కనుక అప్పటికే పురుగు పట్టిన గింజలకు ఈ పొడి ఆలస్యపు మందు.

పప్పుధాన్యాల పురుగు తీరు వేరు. అది పెసల మీద, అలసందల మీద గుడ్లు అతికిస్తుంది. గింజల మీద కనిపించే తెల్లటి చుక్కలు అవే. గుడ్డు నుండి వచ్చిన పిల్ల గింజలోకి తొలుచుకొని పోతుంది. ఇక్కడ అవ్వల ఎర్రమట్టి సంగతి అర్థమవుతుంది. మట్టి పూత ఉన్న కందిగింజ మీద గుడ్డు అతకడం కష్టం. బూడిద గింజల మధ్య సందులను నింపుతుంది. పురుగు ఒక గింజ నుండి మరొక గింజకు తిరగలేదు, తిరిగితే దాని పెంకు గీసుకుపోతుంది. వడ్ల ఊక బూడిదలో నూటికి 85 నుండి 95 వంతులు సిలికాయే ఉంటుంది. అంటే వరి మొక్క కూడా డయాటమ్ వలెనే నీటి నుండి సిలికాను తీసుకొని తన పొట్టులో దాచుకుంటున్నది. డయాటమ్ మట్టి రేణువులకు ఉన్నంత పీల్చే శక్తి బూడిదకు లేదు, అందుచేత బూడిద ఎక్కువ మోతాదులో కలపాలి. అవ్వలు కుండ సగం బూడిద పోసినది ఊరికే కాదు.

ఈ పాత పద్ధతులను మరచిన కొన్ని ఇళ్ళలో బియ్యపు డబ్బాలో గ్యాసు మాత్రలు వేస్తున్నారు. ఇది ప్రాణాంతకం. ఆ మాత్రలలోని అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు గాలిలోని చెమ్మ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మూసిన గదిలో నిద్రించే మనుషులను అది చంపగలదు. ఆ మాత్రలు పెద్ద గిడ్డంగులలో, శిక్షణ పొందినవారు మాత్రమే వాడవలసినవి. మనుషులు పడుకొనే ఇంటిలోకి అవి రాకూడదు.

విషం లేదు గదా అని డయాటమ్ మట్టిని ఎట్లా పడితే అట్లా వాడకూడదు. దీని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పైగా వడపోతకని ఎక్కువ వేడిలో కాల్చిన రకంలో సిలికా స్ఫటిక రూపానికి మారుతుంది. అది చాలాకాలం పీల్చినవారికి సిలికోసిస్ అనే రోగం వస్తుంది. రాతిగనులలో పనిచేసేవారికి వచ్చే రోగం ఇదే. పోయిన ఊపిరితిత్తుల శక్తి మరల రాదు. కనుక ఇంటికి, గింజలకు కాల్చని రకాన్నే, ఆహారధాన్యాలకు వాడదగినదని సంచి మీద రాసి ఉన్నదాన్నే కొనాలి. చల్లేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు ఉండాలి, ఫ్యాన్ ఆపి ఉండాలి, పసిపిల్లలు దగ్గర ఉండకూడదు. పూల మీద చల్లకూడదు. తేనెటీగకు, ముక్కుపురుగుకు తేడా ఈ పొడికి తెలియదు. మిల్లుకు పంపే ధాన్యంలో ఎక్కువగా కలిపితే యంత్రాల ఇనుప భాగాలు కూడా అరిగిపోతాయి.

వండే ముందు గింజలను గాలి వాటంగా నిలబడి చేటతో చెరిగి, రెండు మూడు నీళ్ళు పోసి కడిగితే పొడి పోతుంది. ఎర్రమట్టి పప్పును అవ్వలు కడిగినది కూడా ఇట్లాగే. మొదటి నీరు ఎర్రగా, రెండవది లేత ఎర్రగా, మూడవది తేటగా దిగేది.