పొడవు చేతుల పెంకుపురుగు: పేరు కనుక్కోవడం ఎలా?



మీ ముందు బల్లమీద ఒక అట్టపెట్టె ఉందనుకోండి. మూత తీస్తే లోపల గుండుసూదికి గుచ్చిన పెద్ద పురుగు. ఒంటి పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. నల్లటి వీపుమీద ఎరుపు, లేత పసుపుపచ్చ చారలు ముగ్గు వేసినట్లున్నాయి. ముందు కాళ్లు ఒంటికంటే పొడవు! సూది కింద ఒక చిన్న చీటీ: "పనామా, వర్షారణ్యం". దానికిందే పట్టిన తేదీ. ఈ పురుగు పేరేమిటి?

రంగులు చూసి బొమ్మల పుస్తకంలో వెతకాలని మీకు తోస్తుంది. తొందరపడకండి. ఉత్తరం ఇంటికి చేరాలంటే ముందు జిల్లా, తర్వాత ఊరు, ఆ తర్వాత వీధి, చివరకు ఇంటి నంబరు చూస్తారు కదా! పురుగు చిరునామా కూడా అలాగే వెతకాలి.

మొదటి మెట్టు: ఇది పెంకుపురుగేనా?

ముందు రెక్కల జత గట్టి పెంకులుగా మారి, వీపు నడుమ తిన్నని గీతగా కలుసుకుంటున్నాయి. ఎగరడానికి పనికివచ్చే పలుచని రెక్కలు వాటికింద మడతపడి ఉన్నాయి. నోటికి కొరికే దవడలున్నాయి. నల్లి వంటి కీటకానికైతే దవడలకు బదులు పీల్చే గొట్టం ఉంటుంది. కనుక ఇది పెంకుపురుగే.

రెండో మెట్టు: ఏ కుటుంబం?

స్పర్శశృంగాలు, అంటే మీసాలు, ఒంటిని మించి సాగాయి. అది మంచి గుర్తే కాని, అదొక్కటే చాలదు. భూతద్దం తీసుకోండి. కన్ను గుండ్రంగా లేదు; చిక్కుడు గింజలా వంగి మీసం మొదలును చుట్టుకొని ఉంది. ఇప్పుడు పాదం కణుపులు లెక్కపెట్టండి. నాలుగేనా? మళ్లీ చూడండి. మూడో కణుపు రెండుగా చీలి ఉంది. ఆ చీలికలో చిన్న కణుపు ఒకటి దాగి ఉంది. నిజానికి ఉన్నవి అయిదు! ఈ గుర్తులన్నీ కలిస్తే ఇది పొడవు మీసాల పెంకుపురుగుల కుటుంబం, సెరాంబిసిడే. ఈ కుటుంబంలో 30,000కు పైగా జాతులున్నాయి.

మూడో మెట్టు: ఏ శాఖ?

పక్కనుంచి చూడండి. ముఖం ముందుకు చాచినట్లు లేదు. గోడలా నిటారుగా కిందికి దిగింది. ఇది లామీనే ఉపకుటుంబపు గుర్తు. మన మామిడి కాండాన్ని తొలిచే బాటోసెరా పురుగు కూడా ఈ ఉపకుటుంబానిదే. పనామా పురుగుకు మన తోటలో చుట్టం ఉందన్నమాట!

నాలుగో మెట్టు: ఏ జాతి?

ఇప్పుడు ప్రత్యేక గుర్తులు చూడవచ్చు. తల వెనుక భాగానికి రెండు పక్కలా కదిలే ముళ్ల బుడిపెలున్నాయి. వీపుమీద ఆ రంగుల అల్లిక ఉంది. చీటీలో పనామా అని ఉంది. పేరు దొరికింది: ఆక్రోసైనస్ లాంగిమానస్. 1758లో లిన్నేయస్ దీనికి లాంగిమానస్ అని జాతి పేరు పెట్టాడు. లాటిన్‌లో దానికి "పొడవు చేతులది" అని అర్థం. అంతకుముందే, 52 ఏళ్ల వయసులో 1699లో సురినామ్ అడవులకు వెళ్లిన మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి దీని బొమ్మ గీసింది. అది 1705లో వచ్చిన ఆమె గ్రంథంలో ఉంది.

మరి పొడవు కాళ్లను మొదటే ఎందుకు నమ్మలేదు? అంత పొడవు మగ పురుగుకే. ఆడదాని ముందు కాళ్లు పొట్టి. కాళ్లనే నమ్ముకొంటే మొగుడూ పెళ్లాలను రెండు జాతులుగా రాసేవాళ్లం!

చీటీ విలువ కూడా గమనించండి. ఈ పురుగు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న అడవులలోనే ఉంటుంది. దీన్ని నల్లమలలో పట్టామని ఎవరైనా అంటే మనం సందేహించాలి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా తరగతి కుర్రవాడొకడు అగ్గిపెట్టెలో బూడిదరంగు పొడవు మీసాల పురుగును తెచ్చాడు. ఏ ఊళ్లో, ఏ చెట్టుమీద దొరికిందో చెప్పాడు. గుర్తుంటుందిలే అనుకొని నేను రాసుకోలేదు. సెలవుల తర్వాత తీరిగ్గా భూతద్దం పట్టాను. మూడో మెట్టు దాకా వచ్చాను. అక్కడ ఒకదాన్నొకటి పోలిన జాతులు ఎదురయ్యాయి. ఊరు, చెట్టు తెలిస్తే కొన్నింటిని పక్కన పెట్టగలిగేవాణ్ణి. అప్పటికి నేను మరిచాను, వాడూ మరిచాడు. ఆ పురుగు ఈనాటికీ పేరు లేకుండానే ఉంది.

మీరు చేయండి: వీధి దీపం కింద చచ్చిపడిన పెంకుపురుగును ఏరండి. ముందుగా చీటీమీద ఊరు, తేదీ, దొరికిన చోటు, మీ పేరు పెన్సిలుతో రాయండి. ఆ తర్వాతే భూతద్దం పట్టండి. పాదం కణుపులు ఎన్ని?