ముందు మేత ఆపండి

తెల్లారగట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే కొల్లేటి రైతు మేత ఆపుతాడు, ఏరియేటర్లు తిప్పుతాడు, ఆ తర్వాతే కారణం వెతుకుతాడు. కైకలూరులో చేపల మేత కొట్టు నడిపే మా బావమరిదికి ఇది నాకన్నా బాగా తెలుసు. కానీ కొట్టులో కంప్యూటరు ఆన్ చేసిన పది నిమిషాలకే బిగుసుకుపోతుంటే మాత్రం, "ఫార్మాట్ కొట్టించేస్తాను బావా" అన్నాడు. ఫార్మాట్ అంటే చెరువు ఎండగట్టడమే. రైతుల అరువు పద్దులన్నీ అందులోనే ఉన్నాయి. ఏలూరులో బస్సెక్కాను.

వెళ్లగానే ప్రింటరు, పెన్‌డ్రైవ్, స్పీకర్లు అన్నీ పీకేశాను. కీబోర్డు, మౌస్ చాలు. సగం జబ్బులు ఇక్కడే తేలిపోతాయి, ఇక్కడ తేలలేదు. మీరైతే ఇంకో రెండు చూసుకోండి. తర్వాత వాడబోయే డయాగ్నస్టిక్ స్టార్టప్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి.

ఇక సేఫ్ మోడ్. తాడేపల్లిగూడెంలో నేను కంప్యూటరు నేర్చుకున్న రోజుల్లో ఆన్ చేస్తూ ఎఫ్8 టకటకా నొక్కితే సరిపోయేది. విండోస్ 8 వచ్చాక ఆ మీట మామూలుగా పలకడం లేదు. ఇప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేయాలి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌తో కలిపి సేఫ్ మోడ్. తెర నల్లగా, బొమ్మలు పెద్దగా, మూలల్లో సేఫ్ మోడ్ అన్న అక్షరాలు కనిపిస్తాయి. భయపడకండి, విండోస్ తనకు తప్పనిసరి అయిన డ్రైవర్లతోనే లేచింది, అంతే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ బెడిసికొట్టి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాల్లో చాలావాటిని ఇలాగే లేపి, చెడిన ఫైలొకటి తుడిచి బాగుచేశారు.

నేను మాత్రం ముందు పద్దుల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తర్వాత అరగంట అలాగే వదిలేశాం. బిగుసుకోలేదు. అంటే ర్యామ్, డిస్కు బహుశా బాగానే ఉన్నాయి. తంటా ఏదో డ్రైవరుదో, తనంతట తానే లేచే ప్రోగ్రాముదో. సేఫ్ మోడ్‌లోనూ బిగుసుకుని ఉంటే డబ్బా విప్పేవాణ్ని. ఈ చెమ్మగాలికి ర్యామ్ కాళ్లు మసకబారతాయి, పెన్సిలు రబ్బరుతో రుద్దితే ఒక్కోసారి లేచి కూర్చుంటుంది. బల్లులు కూడా ఉండొచ్చు, చూసి చెయ్యి పెట్టండి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కంప్యూటరును మామూలుగా రీస్టార్ట్ చేసి, విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొట్టాలి. జనరల్ ట్యాబ్‌లో మూడు దారులుంటాయి: నార్మల్, డయాగ్నస్టిక్, సెలెక్టివ్. డయాగ్నస్టిక్ ఎంచుకుని రీస్టార్ట్ చేశాను. వైఫై పోయింది, శబ్దం పోయింది. "ఇదేంటి బావా, ఉన్నదీ పోయింది" అన్నాడు. మేత ఆపాం కదా మరి! పావుగంట దాటినా కంప్యూటరు నిమ్మకు నీరెత్తినట్టుంది.

తర్వాత మళ్లీ నార్మల్‌కి మార్చి, సర్వీసెస్ ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులన్నీ దాచేయమనే గడికి టిక్ పెట్టాను. ఇది మరిచిపోయి విండోస్ సొంత సర్వీసులే ఆపేసేవాళ్లు చాలామంది. మిగిలినవి పన్నెండు. ఒక్కొక్కటే ఆపి చూస్తే పొద్దుపోతుంది. ఆరు ఆపి, ఆరు ఉంచి రీస్టార్ట్ చేశాను. బిగుసుకుంది, అంటే దొంగ ఉంచిన ఆరింట్లో ఉన్నాడు. వాటిలో మూడు ఆపాను, హాయిగా నడిచింది. దొంగ ఆపిన మూడింట్లో. ఇలా సగం సగం కోసుకుంటూ పోతే పన్నెండుకైనా నాలుగు సార్లు చాలు. ప్రతిసారీ పావుగంట కాపలా, ఒక టీ. సర్వీసుల్లో దొరక్కపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితానూ ఇలాగే సగం చేయొచ్చు.

మాకు అక్కడిదాకా అవసరం రాలేదు. నాలుగో టీకి దొరికింది: పాత బిల్లు ప్రింటరు తాలూకు సర్వీసు. ఆ ప్రింటరును పాతసామాను వాడికి ఎప్పుడో అమ్మేశారు. దాని సాఫ్ట్‌వేరు మాత్రం రోజూ లేచి, లేని ప్రింటరు కోసం వెతుకుతోంది. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేశాను.

పనయ్యాక ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి నార్మల్ స్టార్టప్ ఎంచుకోవడం మరవకండి. ఆ పక్కనే బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ అనే గడి ఒకటుంటుంది. దానికి టిక్ పెట్టి వదిలేస్తే, తీసేదాకా కంప్యూటరు ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది.