కర్జికాయలు

దీపావళి వేళకు అనంతపురం పల్లెల్లో కొత్త చెనక్కాయలు ఇంటికొస్తాయి. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. ఒక ఇంట్లో 2 మూటలే పండాయి. అయినా పిల్లల కోసం కర్జికాయలు చేయాలనుకున్నారు.

అత్త విత్తనాలు చేటలో పోసింది. బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకున్నవి ఏరేసింది.

"పండిందే కొంచెం. అవీ వేద్దాం అత్తా. నూనెలో వేగితే ఏం కాదు" అంది కోడలు.

"వద్దు మే. ఆ బూజులో విషం ఉంటుందని రాత్రి బడిలో చెప్పినారు. వేయించినా పూర్తిగా పోదు. లివరు చెడుతుంది. చేను ఎండిన ఏడు ఆ బూజు ఇంకా ఎక్కువ."

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్.

మంచి విత్తనాలు వేయించి, పొట్టు చెరిగి, దంచారు. 2 గ్లాసుల పొడికి 1 గ్లాసు బెల్లం కలిపారు. గోధుమపిండి పూరీల్లో పెట్టి, మడిచి, అంచులు తడిచేసి గట్టిగా నొక్కారు. అంచు విడితే పొడి నూనెలో పడి మాడుతుంది. సన్న మంట మీద ఎర్రగా వేయించారు.

ఏరినవి కోడలు దిబ్బలో వేయబోయింది. కోళ్లు తింటాయని అత్త ఆపింది. గుంత తీసి పూడ్చింది.