చలికి తెల్లబోయే వేళ్లు: రేనో వ్యాధి

తెలుగునాట ఆషాఢమాసంలో ఆడపిల్లల వేళ్లు గోరింటాకుతో పండుతాయి. సరిగ్గా ఆ రోజులలోనే ఆస్ట్రేలియాలో శీతకాలం. కాన్‌బెరాలో జూలై వేకువన ఉష్ణోగ్రత తరచు సున్నా డిగ్రీల దిగువకు జారుతుంది. ఆ చలిలో కారు స్టీరింగు పట్టుకొన్నప్పుడో, ఫ్రీజరులోని పొట్లం తీసినప్పుడో కొందరి వేళ్లు ఉన్నట్టుండి పాలిపోయి మొద్దుబారతాయి. ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో 1862లో తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించిన ఈ స్థితికి ఆయన పేరే నిలిచింది.

చలి సోకినప్పుడు లోపలి వేడిని కాపాడుకొనేందుకు చర్మంలోని సన్నని ధమనులు కుదించుకొనడం అందరిలోనూ సహజమే. నరాల కొసల నుండి వెలువడే నారెపినెఫ్రిన్ అనే రసాయనం ధమని గోడలోని కండర కణాల గ్రాహకాలను చేరుతుంది. కణంలో కాల్షియం పెరిగి కండరం బిగుసుకొంటుంది. రేనో వ్యాధిలో ఈ ప్రతిస్పందన మితిమీరుతుంది. రక్తం అందక వేలు తెల్లబడుతుంది; ప్రాణవాయువు తరిగి నీలమవుతుంది; రక్తప్రవాహం తిరిగి రాగానే ఎర్రబడి సలుపుతుంది. మానసిక ఆందోళన సైతం దీనిని రేపగలదు. చామనఛాయ చర్మంపై ఈ మార్పులు స్పష్టంగా కనిపించకపోవచ్చు. గోళ్ల అడుగున, అరచేతి వైపున పరిశీలించాలి. గోరింటాకు, గోళ్లరంగు ఆ ఆనవాళ్లను కప్పివేస్తాయి. వేళ్లు పాలిపోయినప్పుడే ఫొటో తీసి వైద్యునికి చూపడం మేలు.

ఈ వ్యాధి రెండు విధాలు. మొదటిది తరచు 15-30 ఏళ్ల మధ్య, ముఖ్యంగా స్త్రీలలో, మొదలవుతుంది; బాధించినా సాధారణంగా హాని చేయదు. రెండవది మరొక వ్యాధికి సూచన. స్క్లెరోడెర్మాలో చర్మం బిగియడానికి ఎన్నో ఏళ్ల ముందే వేళ్లు తెల్లబడవచ్చు. ఆ వ్యాధి ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ పాకగలదు. అందుచేత నడివయసులో మొదటిసారి కనిపించినా, ఒక చేతికే పరిమితమైనా, వేలికొనలపై పుండ్లు పడినా "చలిదేశం కదా" అని సరిపెట్టుకొనరాదు. గోటిమొదటి సూక్ష్మనాళాల పరిశీలన, రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష అసలు విషయాన్ని తేల్చడానికి తోడ్పడతాయి. అదిరే యంత్రాలతో పనిచేసేవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

నివారణలో ముఖ్యసూత్రం ఒక్కటే: చేతులను మాత్రమే కాదు, దేహమంతటినీ వెచ్చగా ఉంచాలి. గడప దాటకముందే ఉన్ని దుస్తులు, చేతితొడుగులు ధరించాలి. పొగతాగడం మానాలి. ప్రొప్రనొలాల్, సూడోఎఫెడ్రిన్ వంటి మందులు వ్యాధిని పెంచగలవు. అయితే వాడుతున్న మందును స్వయంగా ఆపక వైద్యుని సంప్రదించాలి. నిఫెడిపిన్ కణంలోకి కాల్షియం ప్రవేశాన్ని తగ్గించి ధమనిని సడలిస్తుంది. అది రక్తపోటును కూడా తగ్గిస్తుంది కనుక ఇండియా నుండి తెప్పించుకొని సొంతంగా వాడరాదు. వెలుతురుకు చెడిపోయే పదార్థం కాబట్టి మాత్రలను వేసుకొనే దాకా వాటి పొరలోనే ఉంచాలి.

వేళ్లు పాలిపోయినప్పుడు చంకలలో దాచుకొనడం, గోరువెచ్చని నీటిలో ఉంచడం మంచిది. మరిగే నీరు, హీటరు పనికిరావు. మొద్దుబారిన వేలికి కాలిన సంగతి తెలియదు. రంగు తిరిగి రాకున్నా, నల్లబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటిపనిలో తమ నొప్పిని చిన్నదిగా ఎంచే తల్లుల విషయంలో ఈ జాగ్రత్త కుటుంబమంతటి బాధ్యత.